తలుపు వెనక సంచి

వానాకాలం వస్తే మీర్‌పేట్‌లోని మా కిరాయి ఇంట్లోకి చెరువు నీళ్లు వస్తాయి. అందుకే అత్తయ్య మందులు, బట్టలు, ఆధార్ కార్డులు ఒక సంచిలో సర్ది తలుపు వెనక తగిలించాను.

ఈ ఏడు ఓ మధ్యాహ్నం నీళ్లు గడప దాటాయి. మావారు ఆఫీసులో ఉన్నారు. సంచి భుజాన వేసుకుని, అత్తయ్యను పట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాను. వీధి మధ్యలో ఆవిడకు ఉబ్బసం వచ్చి ఊపిరి అందలేదు. ఆవిడను పట్టుకున్న చేత్తో సంచి తెరవడం కుదరలేదు. ఆ వీధిలోనే ఒక మేడ మీద అద్దెకుండే పద్మ పరుగున దిగివచ్చింది.

"అక్కా, సంచి నేను పట్టుకుంట. నువ్వు జల్ది మందు తియ్యి!"

ఇన్‌హేలర్ సంచి పైజేబులోనే దొరికింది. రెండుసార్లు పీల్చాక అత్తయ్య తేరుకున్నారు.

"పదమ్మా, దిల్‌సుఖ్‌నగర్‌లో మీ ఆడపడుచు ఇంటికి నడిచైనా వెళ్దాం" అన్నారు.

మెయిన్ రోడ్డు చేరేదాకా ఆవిడే ముందు నడిచారు, నా చెయ్యి వదల్లేదు. ఆ పట్టు గుర్తొస్తే ఇప్పుడు ఏ వానకూ నాకు భయం వేయదు.