చిత్తూరులో కొన్న చిన్న మోటారు సైకిలు

తిరుపతిలో ఒక బట్టల అంగడి తరఫున నగరి చుట్టుపక్కల నేతగాళ్ల ఇళ్లు తిరిగి చీరలు కొనడం నా పని. సాయంత్రం బస్సు తప్పితే ఏదో ఒక అరుగు మీద పడక. నా భార్య రాజమ్మ ఒక్కతే ఎన్ని రాత్రులని కాచుకుంటుంది? విసిగి చిత్తూరులో పుట్టింటికి వెళ్లిపోయింది. ఆమె లేని ఇంట్లో ఉండడం నా వల్ల కాలేదు. బండి కొంటే రోజూ ఇల్లు చేరవచ్చు, ఆ మాట చెప్పి ఆమెను తీసుకొచ్చుకోవచ్చు అనుకుని, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు చిత్తూరుకు పొద్దుటి రైలెక్కాను.

పాకాలలో రైలు బాగాసేపు ఆగుతుంది. ఇడ్లీలు అక్కడే తినేయండి. నా పక్కన కూర్చున్న బెల్లం వ్యాపారి, పాత బండి అమ్మేవాణ్ణి కాణిపాకం వినాయకుడి మీద ప్రమాణం అడగమనీ, నీళ్లు నమిలితే కొనొద్దనీ చెప్పాడు.

పది గంటలకు చిత్తూరులో దిగాను. బండి అమ్మే మనిషి పటాళం నుంచి తిరిగొచ్చిన మెకానిక్కు. బండి కూడా పటాళందే, చిన్న ఇంజను, చవక. నేను ప్రమాణం మాట ఎత్తగానే అతను చెప్పులు తొడుక్కున్నాడు.

"ఇంజనుకు యాడా అతుకు లేదప్పా. పద, కాణిపాకానికి ఇప్పుడే పోదాం."

ఆ మాటే చాలనుకున్నాను. వెనక సీటు పీకించి, చీరల మూటలకని ఇనప క్యారియరు బిగించుకున్నాను. మైదానంలో నేర్చుకుంటూ రెండుసార్లు పడ్డాను. ఎముక విరిగినా పుత్తూరు కట్టు దగ్గరే ఉందిలే అని అతను నవ్వాడు.

మధ్యాహ్నానికి పడుతూ లేస్తూ అత్తవారింటి ముందు ఆపాను. ఇక రోజూ దీపాలవేళకు ఇంట్లో ఉంటానని, ఇప్పుడే వెళదాం రమ్మని రాజమ్మతో గొప్పగా చెప్పాను. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి క్యారియరు మీద చెయ్యి పెట్టింది.

"ఈడ చీరల మూట కూసుంటాది. నేను యాడ కూసోవాల?"

సీటు మళ్లీ పెట్టిస్తానన్నాను. పీకించేటప్పుడు గుర్తుకు రానిదాన్ని ఇప్పుడెందుకులే అని లోపలికి వెళ్లి అన్నం వడ్డించింది. తిన్నాను. ఆమె రాలేదు.

మామగారు వీధి చివరిదాకా వచ్చి సాగనంపాడు. పాకాల దాటాక ఎద్దుబండ్లు తప్ప ఎవరూ ఎదురుకాలేదు. రోడ్డు బాగుంది, కొత్తవాళ్లు కూడా భయపడనక్కరలేదు. మూడింటికి బయలుదేరితే చీకటి పడకముందే తిరుపతి చేరతారు. నేను మాత్రం చంద్రగిరి దగ్గర బండి ఆపి చాలాసేపు కూర్చున్నాను. ఇంట్లో దీపం పెట్టేవాళ్లు లేరు, తొందర దేనికి?