బుధు విప్పని కట్టు

అరకు సంతకి పైన కొండవాలులో ఉన్న ఆ గూడేనికి, చేయి విరిగినా కాలు విరిగినా దిక్కు బుధే. పక్క లోయల వాళ్లు కూడా డోలీలో మోసుకొచ్చి అతని అరుగు మీద దించేవారు. కిరండోలు రైలు అప్పటికే తిరుగుతోంది. అదెక్కితే పట్నం పెద్దాసుపత్రికి పోవచ్చు. కానీ అక్కడికి పోతే కాలు కోసేస్తారని అందరికీ భయం.

బుధు కళ్లు మూసుకుని తడిమేవాడు. విరుగుళ్లకు అతను పెట్టుకున్న పేర్లు వేరు. పిల్లల ఎముక వంగి ఒక పక్కే చీలితే పచ్చికొమ్మ విరుగు. అడ్డంగా తిన్నగా రెండైతే కర్ర విరుగు. ఏటవాలుగా చీరుకుపోతే వెదురు విరుగు. లోపల ముక్కలు ముక్కలైతే పెంకు విరుగు, దానికి మాత్రం అతని మొహం చిన్నబోయేది. ఏదైనా సరే, నల్లేరు నూరి పట్టించి, వెదురు బద్దలు పెట్టి, నారతో బిగించేవాడు. ఇక వారానికోసారి జరిగే సంత మళ్లీ వచ్చేదాకా ఆ కట్టు ముట్టకూడదు. మధ్యలో విప్పితే ఎముక ఎదురు తిరుగుతుందని వాళ్ల తాత మాట. గూడెం పెద్ద సోంబరంతటివాడు కాలు విరిగి చంటిపిల్లాడిలా ఏడ్చినా బుధు విప్పలేదు. ఆ సోంబరే మరుసటేడు దింసా ఆటలో అడుగు వేశాడు. దాంతో బుధు పేరు సంతంతా పాకింది.

ఆ వానల్లో బుధు పెళ్లాం దేముడమ్మ కట్టెలమోపుతో దిగుతూ పాచిరాయి మీద జారింది. మోకాలి కింద ఎముక విరిగింది.

"ఏ విరుగు?" అంది పళ్లు బిగబట్టి.

"కర్ర విరుగే. సులువుగా అతుకుద్ది. నీ అదృష్టం."

"అదృష్టం నాదైతే నువ్వు పడుందువు, నేను తడుముదును."

బుధు నవ్వాడు. విరిగినచోట చోడిగింజంత చిల్లు, దాంట్లోంచి రక్తపు చుక్క. రాయి గీరిందనుకున్నాడు. దాని మీదే నల్లేరు ముద్ద మెత్తి బిగించేశాడు.

రెండోనాటికే ఆమెకు ఒళ్లు కాలిపోయింది.

"విప్పయ్యా. లోపల నిప్పులు పోసినట్టుంది."

"సంత దాకా ఓర్సుకో. అందరూ ఓర్సుకోలేదేటి?"

"అందరూ నీ పెళ్లాలు కాదు గదా."

బుధు చేయి ముడి దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. సోంబరు ఏడిస్తే విప్పనోడు పెళ్లాం ఏడిస్తే విప్పాడంటారు కదా. ఆ మాట పడలేక, ఆమె మూలుగు వినలేక, గొడ్డలి పట్టుకుని కొండెక్కిపోయాడు. అదీ అతను చేసిన పని.

తిరిగొచ్చేసరికి పక్కింటి కనక గుమ్మంలో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"వాసనొస్తంది బుధన్నా. ఏటి సూత్తన్నావు, బేగి విప్పు."

విప్పాడు. కాలివేళ్లు నల్లబడి ఉన్నాయి.

డోలీలో స్టేషనుకి, అక్కణ్ణుంచి రైల్లో పట్నానికి చేర్చారు. ముసలి డాక్టరు కాలు చూసి అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది బుధుకి.

"తోలు తెగిందా లేదా, మేం మొదట చూసేది అదేనయ్యా," అన్నాడాయన. "తెగకపోతే మూసిన విరుగు. తెగితే తెరిచిన విరుగు, చిల్లు ఎంత చిన్నదైనా సరే. ఎముక మొన లోపల్నుంచి పొడుచుకొచ్చి మళ్లీ లోపలికి పోయింది. ఆ దారినే చీము పట్టింది. అడ్డంగా విరిగిందా, ఏటవాలుగానా, మెలి తిరిగిందా, ముక్కలైందా అన్నవి ఆ తర్వాతి మాటలు."

"నేను ఎముకనే సూసినాను బాబూ," అన్నాడు బుధు.

కాలు మోకాలి పైదాకా తీసేశారు.

గూడెంలో ఒక్కరూ బుధుని తప్పు పట్టలేదు. ఆసుపత్రికి పోతే కాలు కోసేస్తారని ముందునుంచీ తెలిసిందే కదా అనుకున్నారు. ఆ చిల్లు సంగతీ, ఆమె విప్పమని వేడుకున్న సంగతీ ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. దేముడమ్మ దెప్పలేదు. గుమ్మంలో కూర్చుని కందులు బాగుచేసుకునేది. బుధు ఎవరొచ్చినా కట్టనని పంపేశాడు.

మరుసటి వానాకాలం గూడెం కుర్రాడు సుక్రు పనసచెట్టు మీంచి పడి, విరిగిన చేయి పట్టుకుని వచ్చాడు.

"రైలెక్కి పట్నం పో," అన్నాడు బుధు.

"నేను పోను మావా. అత్తకి ఏటి సేసినారో సూడలేదా?"

"అది కోయించింది డాక్టరు కాదురా. నా కట్టు."

సుక్రు దేముడమ్మ వైపు చూశాడు. ఆమె చేటలోంచి తల ఎత్తలేదు. కందులు ఏరుతూనే అంది:

"తోలు సూడు ముందు. తెగితే రైలెక్కించు. తెగకపోతే కట్టు. ఏడిస్తే విప్పు."

తోలు తెగలేదు. బుధు కట్టాడు. పొద్దు వాలేసరికి సుక్రు చేయి లాగేస్తోందని మూలిగాడు. బుధు వెంటనే ముడి లాగాడు. నార ఇట్టే ఊడి అతని ఒళ్లో పడింది. వేళ్లు ఎర్రగానే ఉన్నాయి. మళ్లీ వదులుగా చుట్టి తలెత్తేసరికి, దేముడమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.