బూటు విప్పని కాలు

నా చేతిలో చాలా వస్తువులు పాడయ్యాయి. గోడ గడియారం, గొడుగు, మా నాన్న కళ్లజోడు. ఇలాంటివి ఏ ఇంట్లోనైనా జరిగేవే అనుకోండి. కానీ బీమావాళ్లు ఇచ్చిన కాలిని, అదీ పెద్దాఫీసరు చూడ్డానికి వచ్చే రోజున, పట్టకారు పెట్టి నాశనం చేసినవాణ్ని ఈ చుట్టుపక్కల నేనొక్కణ్నే అయ్యుంటాను. కాలు నాదైతే ఇంత బాధ లేదు. అది మా పైడయ్య మావది.

మావంటే మా అమ్మ తమ్ముడు. కొత్తవలస దగ్గర పల్లెలో రెండు మళ్లు వరి, ఆ పైన మిల్లులో కూలి. అరవయ్యో దశకం ముగుస్తున్న రోజుల్లో మిల్లు యంత్రంలో పడి కుడికాలు మోకాలి కింది నుంచి పోయింది. కార్మికుల బీమావాళ్లు మద్రాసు నుంచి చెక్క కాలు తెప్పించి ఇచ్చారు. మంచి కాలే. నల్లగా నిగనిగలాడే బూటుతో సహా వచ్చింది. బూటు జారిపోకుండా మేకులు కొట్టి కాలికే బిగించేశారు. నమూనా ఏదో పైదేశం వాళ్లదట. అక్కడ బూటు విప్పే పని ఉండదు కాబోలు.

మా అమ్మమ్మ గుమ్మం దాటి చెప్పు రాకూడదు. అందుకని మావ బయటే కాలు విప్పి, గోడకి చేరవేసి, చేతుల మీద పాక్కుంటూ లోపలికి వెళ్లేవాడు. దానికి సర్దుకున్నాడు. సర్దుకోలేనిది పొలం. మా తాత పోయాక ఏటా ఆకుమడిలో తొలి విత్తనం చల్లేది మావే. ఆ బూటుతో మడిలోకి ఎలా దిగుతాడు? కాలు వచ్చిన ఏడాది గట్టు మీదే నిలబడి గింజలు విసిరాడు. సగం పక్కవాళ్ల మడిలో పడ్డాయి. చూసినవాళ్లు నవ్వారు, మావ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి అన్నం మాత్రం ముట్టలేదు.

అప్పటికి నేను ఆ బీమా ఆఫీసులోనే కొత్త గుమాస్తాని. ప్యాంటు తొడుక్కోవడం, సలహాలివ్వడం ఒకేసారి నేర్చుకున్నాను. బూటు లేని కాలు ఇంకోటి అడుగుదాం, బీమాలో వస్తుంది అన్నాను. వస్తుందో రాదో నాకే తెలీదు.

"ఒక కాలు పోతే రెండు కాళ్లిస్తారేట్రా?" అన్నాడు మావ.

"నానున్నాను కదా, మావా."

నేనా మాట అన్నాక మా ఇంట్లో మంచి జరిగిన సందర్భం ఒక్కటీ గుర్తు లేదు.

పెద్దాఫీసరు మాత్రం కొట్టిపారేయలేదు. తనే ఇంటికి వచ్చి చూస్తానన్నాడు. ఉన్న కాలిని జాగ్రత్తగా వాడుకుంటున్నట్టు తేలితేనే అదనపు కాలి సంగతి ఆలోచిస్తారట.

ఆయన వచ్చే రోజు పొద్దున్నే నా బుర్ర వికసించింది. బూటు లేకుండా కాలెంత సుఖంగా ఉంటుందో కళ్లకి కట్టినట్టు చూపిస్తే ఆయన అక్కడికక్కడే ఒప్పుకుంటాడు కదా. బూటంటే ఎంత, నాలుగు మేకులు. ఊడదీసి చూపించి మళ్లీ కొట్టేస్తే సరిపోయె. మావ నూతి దగ్గర స్నానం చేస్తుంటే కాలెత్తుకుని పశువుల సాలలోకి చేరాను. మీతో దాపరికమెందుకు, బూటు లోపల పాదం ఉంటుందనీ, దానికి ఐదు వేళ్లుంటాయనీ నేను మనసారా నమ్మాను.

లాగాను. మేకు రాలేదు. కాలు రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఊపిరి బిగబట్టి లాగాను. బూటుతో పాటు మడమ కూడా చేతికొచ్చింది. లోపల వేళ్లూ లేవు, పాదమూ లేదు. పీచు కుక్కిన చెక్క మొద్దు ఒకటుంది. కంగారుగా మళ్లీ మేకు కొట్టబోతే అదీ నిలువునా చీలింది.

మావ గెంతుకుంటూ వచ్చి చూశాడు. తిట్టలేదు. మిగిలిన ముక్కనే కట్టుకుని నిలబడబోయి, వెల్లకిలా గడ్డిలో పడ్డాడు. పడుకునే నాతో అన్నాడు: "మిల్లోడు ఒక కాలు తీసీసినాడు. నువ్వొకటి తీసీసినావు. ఇంకోటి ఉన్నాది. దాని జోలికి రాకు."

బూటు గుమ్మం బయట వదిలి, మావనీ ముక్కల్నీ లోపలికి చేర్చానో లేదో ఆఫీసరు రానే వచ్చాడు. గుమ్మంలో అమ్మమ్మ అడ్డం నిలబడింది. "బూట్లిప్పి రా, బాబూ" అంది. ఆయన అరుగు మీద కూర్చుని లేసులు విప్పుకుని, వట్టి కాళ్లతో లోపలికొచ్చాడు. చాప మీద మావ, మావ పక్కన ముక్కలు. ఎవరు చేశారని అడిగాడు. నా ఉద్యోగం ఆ గదిలోంచి నడిచి వెళ్లిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

"నానే, బాబూ. బూటు ఇప్పుదామని సూసాను" అన్నాడు మావ.

"విప్పి ఏం చేద్దామని?"

"మడిలోకి దిగుదామని."

ఆఫీసరు కాసేపు తన పాదాల వంకే చూసుకున్నాడు. తర్వాత, చేతనైనంత చేస్తానని చెప్పి వెళ్లాడు.

చేశాడు కూడా, ధర్మాత్ముడు. మళ్లీ విత్తనాల వేళకి కొత్తవలస స్టేషనులో పెట్టె దిగింది. బండి మీద ఇంటికి తెచ్చి విప్పాం. పాడైనదానికి బదులు ఒకటి, అదనంగా ఒకటి, రెండు కాళ్లున్నాయి. రెండింటికీ బూట్లున్నాయి.

మావ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ, చివరికి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మర్నాడు పొలం దగ్గర ఆయన కాలు విప్పి గట్టు మీద పెట్టాడు. నేను చెప్పులు విడిచి, ప్యాంటు పైకి మడిచి, మావని వీపునెక్కించుకుని బురదలోకి దిగాను. గింజలన్నీ మా మడిలోనే పడ్డాయి.

"బూటు లేని కాలు ఇదేనేట్రా?" అన్నాడు నా చెవిలో.

ఆయన బతికున్నన్నాళ్లూ ఏటా అలాగే దిగాం. అందుచేత పాఠకుల సాక్షిగా, మా అమ్మమ్మ గుమ్మం మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: ఎవరి కాలి బూటూ ఇక జన్మలో ఊడదీయను. విత్తనాల రోజు వస్తే నా చెప్పులు మాత్రం, వీపు మీద బరువు లేకపోయినా, గట్టు మీద విడిచి మడిలోకి దిగుతాను.