తెరిచిపెట్టి పోయిన తలుపు

మా ఇంగ్లీషు మేడమ్ పోయారు. మొన్న పొద్దున ఎమ్మిగనూరులో నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే, ఆదోని నుంచి నాతో చదువుకున్న అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్ నిద్దర్లోనే పోయిందంట మే" అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఆ యేడు ఆ ఊర్లో వాన పడిందా అని ఇక ఎవరడుగుతారు అనిపించింది.

ఆ ప్రశ్న మేడమ్‌ది. ఏ పాఠం మొదలుపెట్టినా అదే అడిగేవారు. "కథ సదివే ముందు ఆ యేడు ఆడ వాన పడిందా లేదా కనుక్కోండప్పా. మనుషుల సంగతి తర్వాత." తోటి లెక్చరర్లు ఆమెను వానల మేడమ్ అని ఏడిపించేవారు. ఆమె చేతిసంచిలోంచి వేయించిన శనగలు తీసి వాళ్ళ చేతుల్లో పోసి ఊరుకునేవారు.

ఆదోని డిగ్రీ కాలేజీలో మాకు ఒక పాత అమెరికా నవలను కుదించి పాఠంగా పెట్టారు. వానల్లేక పంటలు పోయి, ఒక కుటుంబం సామాను బండికెత్తి కూలిపనికి దూరం పోతుంది. పోయేటప్పుడు ఆ ఇంటి తల్లి తలుపు వెయ్యదు. బార్లా తెరిచిపెట్టి, వెనక్కి చూడకుండా బండెక్కుతుంది.

"ఎందుకు తెరిసిపెట్టింది?" అని మేడమ్ అడిగారు.

కోసిగి, కౌతాళం వైపు పిల్లలమంతా ఒక్క గొంతుతో చెప్పాం. "ముసిలోల్లు ఇంట్లోనే ఉండారు మేడమ్."

మాకు అందులో అనుమానమే లేదు. మావైపు వానలు మొండికేస్తే గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటాం. ఇంట్లో పెద్దవాళ్ళో బడి పిల్లలో ఉంటే తలుపు తీసే ఉంటుంది, ఎవరూ లేకపోతేనే తాళం. వెనక బెంచీ నుంచి ఒకడు, "ఉగాదికి వచ్చేస్తారు మేడమ్, కొత్త బట్టలు కూడా తెస్తారు" అన్నాడు.

మేడమ్ నవ్వలేదు. వచ్చి మా ముందు బెంచీ చివర కూర్చున్నారు. "మీరు సెప్పింది కోసిగి కథ. సానా బాగుండాది. ఇప్పుడు వాళ్ళ కథ వినండి" అని మెల్లగా చెప్పుకొచ్చారు. ఆ కాలంలో అక్కడ యేళ్ళ తరబడి వానలు లేవు, పండినదానికి ధర లేదు, భూములన్నీ బ్యాంకుల పాలయ్యాయి. మనుషులు చేసే సేద్యం యంత్రాలకు పోయింది. "ఆ ఇల్లు ఇంగ ఆమెది కాదమ్మా. కాపాడుకునేదానికి లోపల ఏమీ లేదు. అందుకే వెయ్యలేదు."

పత్తి కాలం కదా, మిల్లుల నుంచి దూది పింజలు కిటికీలోంచి వచ్చి, ఎటూ తేల్చుకోలేనట్టు గాల్లో తిరుగుతున్నాయి. ఇందాక ధీమాగా చదివిన వాక్యం అదే, అచ్చులో ఒక్క అక్షరం మారలేదు. నేను మాత్రం దాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఆ యేడు మాకూ వానలు లేవు. అంతకు ముందు మావాళ్ళు సుగ్గికి పోతే అవ్వ తోడుగా నేను ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. ఆ చలికాలంలో అవ్వ కాలం చేసింది. వయసుకొచ్చిన పిల్లను ఒంటరిగా ఎవరుంచుతారు? మా ఊళ్ళో చదువు మధ్యలో సుగ్గికి పోయిన ఆడపిల్ల మళ్ళీ కాలేజీ గడప తొక్కింది లేదు, పెళ్ళిపీట ఎక్కడమే. చెప్పిపోదామని మేడమ్ ఇంటికి వెళ్ళాను.

కొండ కింద సందులో ఆమె ఇల్లు. వాకిలికి ఆకుపచ్చ పరదా.

"ఈతూరి మా ఇంటికి తాళం పడతాది మేడమ్. నేనూ పోతాండాను."

ఆమె బుజ్జగించలేదు. లోపలికి పోయి ఆ నవల పూర్తి పుస్తకం తెచ్చారు. "ఇది కాలేజీది కాదు బేటీ, నాది. ఉగాది అయినాక తెచ్చియ్యి. ఎవరి చేతా పంపొద్దు, నువ్వే రావాల."

మిరప కల్లం పక్కన టార్పాలిన్ నీడలో, వేళ్ళు మండుతుండగా చదివాను. కథలో ఆ తలుపు దగ్గరికొచ్చేసరికి, మేం ఊరు వదిలిన పూట మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ కూడా తాళం వేసి, లాగి చూసి, ఇక వెనక్కి తిరగలేదు. మేడమ్ చెప్పిన చరిత్రతో ఆ తల్లి తలుపెందుకు వెయ్యలేదో తెలిసింది. వెనక్కి ఎందుకు చూడలేదో నాకు ఆ కల్లంలోనే తెలిసింది.

ఒకరోజు కాయలు ఏరుతూ అమ్మ అడిగింది. "ఏమే, ఆ పుస్తకంలోవాళ్ళు మల్లా ఊరికొచ్చినారా?"

"రాలేదమ్మా."

అమ్మ చేతిలోని కాయలు గంపలో పోసింది. తర్వాత, "అయితే ఆయమ్మ పుస్తకం ఆయమ్మకు ఇచ్చి రావాల్సిందే" అంది. ఉగాది అయినాక తనే నన్ను ఆదోని బస్సెక్కించింది. పెళ్ళి మాటెత్తిన మేనమామకు, "పిల్ల కాలేజీకి పోయింది, మల్లా చూద్దాంలే" అని చెప్పిందట.

మేడమ్ పుస్తకం తెరిచి గట్టిగా తుమ్మారు. "అమెరికా నవలకు గుంటూరు ఘాటు పట్టించినావే" అని ముక్కు తుడుచుకుంటూ నవ్వారు. ఆ నవ్వుకు నేను ఈ జన్మంతా రుణపడి ఉన్నాను.

మొన్న నేను ఆదోనిలో వాళ్ళింటికి చేరేసరికి మేడమ్‌ను తీసుకుపోయారు. ఆడవాళ్ళ మధ్య గోడకానుకుని సాయంత్రందాకా కూర్చున్నాను. ఎవరో నీళ్ళిచ్చారు, తాగానో లేదో గుర్తు లేదు. అందరూ వెళ్ళాక లేచి, బయటికొస్తూ అలవాటుగా తలుపు దగ్గరికి లాగాను.

"వెయ్యొద్దు అక్కా" అంది మేడమ్ కూతురు లోపలి నుంచి. "అమ్మీ పగటిపూట ఎప్పుడూ వెయ్యనిచ్చేది కాదు. ఎవురో ఒకరు పుస్తకం తెచ్చిస్తారు, వేసుంటే తిరిగి పోతారు అనేది."

చెయ్యి తీసేశాను. తెరిచిన తలుపుకు రెండు కథలున్నాయని నాకు నేర్పింది ఆమే. లోపల ఉండాల్సిన మనిషి ఇక లేరన్నది ఒక కథ. అది నిజమని తెలుసు. అయినా ఆ పూటకు నాకు, పెద్దవాళ్ళు ఇంట్లోనే ఉన్నారనే కోసిగి కథే కావాలి.

సందు చివర ఆగి వెనక్కి చూశాను. పరదా కొంచెం లేచింది. ఎక్కడి మిల్లుదో ఒక దూది పింజ గడప మీద కాసేపు తచ్చాడి, లోపలికి పోయింది.