మూడోసారి వేరే పేరుతో పిలిచిన మస్తాన్ తాత

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. మస్తాన్ తాత లేడు.

నమ్మబుద్ధి కాలేదు. మొన్న సాయంత్రమే కదా మాట్లాడాను!

వంటింట్లో నిలబడి ఏడుస్తుంటే నాన్న వచ్చి, "చెన్నై ఎంత దూరంలే అమ్మా, వారం వారం రావచ్చు" అన్నాడు.

కొత్త ఉద్యోగానికి పోవాలంటే భయమేసి ఏడుస్తున్నానట.

సంగతి చెబితే అమ్మ: "పక్క వీధి ఆయన. మనకేమవుతాడని ఇంత ఏడుపు?"

లా పూర్తి చేసిన కూతురి మనసులో ఏముందో మా ఇంట్లో ఇంకా ఎవరూ సరిగ్గా చూడలేదు. ఆయన అరుగు మీద నేను టైంపాస్‌కి కూర్చుంటున్నానని అనుకున్నారు. కాదు. చెన్నై కంపెనీలో లీగల్ ఉద్యోగమా, నెల్లూరు కోర్టులో ప్రాక్టీసా అని రెండు నెలలుగా తేల్చుకోలేక అక్కడ కూర్చున్నాను.

ఆయన తెలియని ఫ్రెండ్స్ కోసం ఇది రాస్తున్నాను.

తాత కోర్టు బంట్రోతు. తెల్ల తలపాగా, భుజం మీదుగా ఎర్ర పట్టీ, దానికి ఇత్తడి బిళ్ల. పంతొమ్మిది వందల యాభైల చివర్లో, తన ఇరవయ్యో ఏట, మేజిస్ట్రేట్ కోర్టులో చేరాడు.

గుమ్మంలో నిలబడి పేర్లు పిలవడం ఆయన డ్యూటీ. ఒక్కో పేరు మూడుసార్లు. మూడింటికీ పలకకపోతే ముద్దాయి రాలేదని అర్థం. వారంట్ రాసేస్తారు.

"నేను పిలిస్తే ట్రంకు రోడ్డు మీద బస్సు ఆగేది పాపా" అని కోతలు కోసేవాడు.

అరవైల మొదట్లో, మద్యనిషేధం రోజుల్లో, తోటపల్లి గూడూరు వైపు ఒకతను సారా కేసులో జామీను మీద ఉన్నాడు. మొదటి వాయిదా రోజు భార్యతో నడిచి వచ్చి, కోర్టు గోడ నీడన కూర్చున్నాడు.

తాత గుమ్మంలోంచి పిలిచాడు. పోలయ్యా! పోలయ్యా! పోలయ్యా!

ఎవరూ లేవలేదు. వారంట్ అయిపోయింది.

సాయంత్రం కోర్టు ముగిశాక ఆ మనిషి మెల్లగా తాత దగ్గరికి వచ్చాడు.

"అన్నా, పొద్దున్నించి కూర్చోనుండాం. మమ్మల్ని ఎప్పుడు పిలస్తారు?"

"నీ పేరేంది?"

"చిట్టోడు."

"చిట్టోడేందయ్యా! కాయితం చూపీ."

కాగితంలో ఉన్నది పోలయ్య. పోలీసులు ఊరి రికార్డు చూసి రాసుకున్న పేరు.

"గొంతు పగిలేట్టు అరిచినానే, ఇనపడలా?" అన్నాడు తాత.

"ఇనపడింది అన్నా. మా తాతను పిలస్తా ఉండారనుకున్నా."

మనవైపు సంగతి మనకు తెలుసు. మనవడికి తాత పేరు పెడతారు. మామ పేరు కోడలు పలకకూడదు కాబట్టి, పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లాణ్ని ఇంట్లో వేరే పేరుతోనే పిలుస్తారు. ఊరంతా అదే పిలుపు. ముప్పై ఏళ్లలో అతన్ని పోలయ్య అని పిలిచిన మొదటి మనిషి మస్తాన్ తాతే.

"నువ్వైనా చెప్పకూడదా అమ్మా?" అని భార్యను అడిగితే, "మా మామ వాళ్ల నాయన పేరు కదన్నా, చెవిన పడితేనే తలొంచుకుంటాం" అన్నది.

మాట పూర్తి కాకముందే కానిస్టేబుల్ వారంట్ పట్టుకుని వచ్చాడు. చిట్టోణ్ణి సబ్‌జైలుకి తీసుకుపోయాడు.

మర్నాడు పొద్దున్నే తాత మేజిస్ట్రేట్ గారి ఛాంబర్‌లోకి పోయాడు. బంట్రోతు ఫైళ్లు మోయాలే గానీ నోరు తెరవకూడదు. తెరిచాడు. ఉద్యోగం పోయినా సరే అనుకున్నాడట.

మేజిస్ట్రేట్ గారు చిట్టోణ్ణి పిలిపించారు.

"ఎందుకు పలకలేదు?"

"మా తాతను పిలిచినారనుకున్నా సామీ."

"మీ తాత ఎక్కడున్నాడు?"

"చచ్చిపొయి పదేండ్లయింది సామీ. చచ్చినాక కూడా ఏం కేసు పెట్టినారో అని బయపడి గమ్మునుండిపొయినా."

కోర్టంతా గొల్లుమంది. మేజిస్ట్రేట్ గారు కూడా నవ్వి, వారంట్ రద్దు చేశారు.

తాత మాత్రం నవ్వలేదు.

"పోలీసాయన తప్పు లేదు. మేజిస్ట్రేటు గారి తప్పూ లేదు. నా పనీ నేను సరిగ్గానే చేసినా. అందరం సరిగ్గా చేస్తే ఒక మనిషి జైల్లో పండుకున్నాడు పాపా" అనేవాడు.

ఆ మర్నాటి నుంచి, తొమ్మిదికే లిస్టు, పెన్సిల్ పట్టుకుని కోర్టుకి పోవడం మొదలుపెట్టాడు. గోడ నీడన కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఒకటే ప్రశ్న: "ఇంట్లో నిన్నేమంటారు?"

రెండుసార్లు రికార్డులో ఉన్న పేరు. మూడోసారి ఇంట్లో పిలిచే పేరు, ఊరితో సహా.

ప్లీడర్లు ఏడిపించేవాళ్లట. "ఏం మస్తానూ, ఇది కోర్టా, చేపల సంతా?"

"చేపలైతే పిలవబన్లేదు సార్, బుట్టలోనే ఉంటాయి."

రిటైరయ్యేదాకా అలాగే పిలిచాడు. చేయమని ఎవరూ చెప్పలేదు. మానమని కూడా ఎవరూ అనలేదు.

పోయిన నెల ఊరికే చూద్దామని కోర్టుకి పోయాను. ఇప్పుడు స్క్రీన్ మీద కేసు నంబర్లు వెలుగుతున్నాయి. నా పక్కన ఒకామె కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. నేను తీసుకుని విప్పి చూస్తే స్క్రీన్ మీద ఉన్నది ఆమె నంబరే! ఆమెకు చదవడం రాదు. చెయ్యి పట్టుకుని లోపలికి పరిగెత్తించాను.

ఆ సాయంత్రం చెబితే తాత పడీ పడీ నవ్వాడు. "దానికి నీకు జీతమెవరిస్తారు పాపా? చెన్నైకి పో. మంచి ఉద్యోగం."

ఉండమని ఒక్కసారి కూడా అనలేదు. అది ఇక్కడ రాయాలి.

మొన్న రాత్రి చేపల పులుసు కావాలని అడిగి, రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడట. నిద్రలోనే పోయాడు. తొంభైకి దగ్గరపడిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

నిన్న సాయంత్రం తాతను మోసుకుపోతున్న జనాజా వీధి మలుపు తిరిగేదాకా వాళ్ల అరుగు మీద నిలబడ్డాను. అప్పటికి ఏడుపు ఆగింది. మనసు తేలికపడింది.

పోయిరా తాతా. గొంతుకి ఇక రెస్ట్ ఇవ్వు. అల్లా నీకు చల్లని చోటు చూపించాలి.

చెన్నై ఉద్యోగానికి రానని ఈ పొద్దున మెయిల్ పెట్టాను. నెల్లూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తాను.