అద్దాలాయన కిటికీ

ఊళ్ళో గొడవలు మొదలయ్యాక గిరాకీ పెరిగిన కొట్టు ఒక్కటే, అద్దాలాయనది. పేలుడు జరిగిన మర్నాడు జనం కిటికీ కొలతలు కాగితాల మీద రాసుకుని బారులు తీరేవారు. "నీకేం బాబూ, ఎవరు కొట్టుకున్నా నీకు లాభమే" అని వేళాకోళం చేసేవారు. అతను నవ్వేవాడు కాదు. అసలే నోట్లో నాలుక లేని మనిషి. పైగా తాను కోసి ఇచ్చే ప్రతి పలకా మళ్ళీ పగలడానికే వెళ్తోందని అతనికి తెలుసు.

సొంత ఇంటికి మాత్రం అద్దం పెట్టలేదు. ఉన్నది ఒక గదీ వంటిల్లూ. ఏడేళ్ళ కూతురి మంచం కిటికీ కిందే, జరపడానికి చోటు లేదు. మొదటి గొడవల్లో గాజుముక్క ఒకటి వచ్చి పిల్ల తలగడలో దిగబడింది. ఆ వేళకి పిల్ల వంటింట్లో ఉంది కాబట్టి బతికింది. ఆ రోజే కిటికీకి చెక్క కొట్టేశాడు.

తర్వాత ఊరు రెండుసార్లు సద్దుమణిగింది. రెండుసార్లూ జనం అద్దాలు పెట్టించుకున్నారు, రెండుసార్లూ అవి నెల తిరక్కుండా వీధిలో రాలాయి. అందుకే ఈ మూడోసారి ఇరవై రోజులుగా తుపాకీ మోగకపోయేసరికి అందరికీ ఊపిరి వచ్చింది, అతనికి మాత్రం నిద్ర కరువైంది.

"పగలు కూడా దీపం పెట్టుకుని చదివితే పిల్ల కళ్ళేం కావాలి?" అంది భార్య. "ఊరందరికీ పెడతారు, మనకి పెట్టరా?"

కాదనలేక పెట్టాడు. అద్దం చుట్టూ పూసిన లప్పం ఆరకముందే ఎదురింటి టీచరమ్మ వచ్చి నిలబడింది. ఒంటరి మనిషి, చేతులు వణుకుతాయి.

"నువ్వే పెట్టుకున్నావంటే ఇంక భయం లేదన్నమాట. నాకూ పెట్టు నాయనా."

"నాకేం తెలుసు టీచరమ్మా" అన్నాడు. ఆవిడ వినలేదు. పాత చెక్క కూడా పొయ్యిలోకి చీల్చి ఇమ్మంది. ఇచ్చాడు. నాలుగు రోజుల్లో వీధి పొడుగునా చెక్కలు ఊడాయి. గొడవలు సద్దుమణిగాయన్న ప్రభుత్వ ప్రకటన కంటే అద్దాలాయన కిటికీయే వాళ్ళకు గట్టి హామీ అయింది. కూతురు అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంటే అతనికి ముద్ద దిగేది కాదు.

ఐదో రోజు పొద్దున్నే పెద్ద ప్రభుత్వ కార్యాలయం నుంచి కబురొచ్చింది. అధికారి మూడో అంతస్తు చూపించాడు.

"ఈ అద్దాలన్నీ ఊడదీసి కింద నేలమాళిగలో దాచాలి. మధ్యాహ్నానికల్లా."

"ఒక్కటీ పగల్లేదు కదండీ."

"పగలకూడదనే." అధికారి గొంతు తగ్గించాడు. "నోరు మెదపవని నిన్నే పిలిపించాం. ఎవరికైనా చెప్పావో, నీ ఇల్లెక్కడో మాకు తెలుసు."

అద్దాలాయన పనిముట్లు తీశాడు. ముప్ఫై రెండు పలకలు ఊడదీశాడు. ఒక్కటీ పగలకుండా ఎలా తీశాడో అతనికే గుర్తులేదు.

ఇంటికి రాగానే పిల్లను కిటికీ దగ్గర్నుంచి లేపి, చెక్కా సుత్తీ అందుకున్నాడు.

"ఏమైందండీ?" అంది భార్య. అతను చెక్కను కిటికీకి ఆనించాడు.

"చీకటైపోతుంది నాన్నా."

"అవనీ తల్లీ."

పట్టపగలు, వీధి వీధంతా చూస్తుండగా, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. ఈ చప్పుడు కార్యాలయం దాకా వెళితే ఏమవుతుందో తలుచుకునేసరికి దెబ్బ తప్పి, మేకు రెండుసార్లు వంగింది. అయినా ఆపలేదు. ఎవరికీ ఒక్క మాటా చెప్పలేదు.

పక్కింటాయన బయటికొచ్చి చెక్క వంక చూసి, లోపలికి పోయాడు. కాసేపటికి అక్కడా సుత్తి మోగింది. తర్వాత ఆ పక్కింట్లో. అలా వీధి చివరిదాకా పాకింది.

ఎదురింట్లోంచి మాత్రం చప్పుడు లేదు. టీచరమ్మ కొత్త అద్దం వెనక నిలబడి అతన్నే చూస్తోంది. ఆవిడ చెక్కను పొయ్యిలోకి చీల్చి ఇచ్చింది అతనే.

అద్దాలాయన లోపలికెళ్ళి వంటింటి తలుపు రెక్క ఊడదీశాడు. దాన్ని భుజానికెత్తుకుని వీధి దాటాడు.