మూడోపాలి అనని మామ్మ

గవర్నమెంటు ఆసుపత్రుల్లో హెచ్ఐవి మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైన కొత్తలో నేను గుండె స్కానింగ్ టెక్నీషియన్‌ని. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం వేసే ఒక మామ్మ, తొమ్మిదేళ్ల మనవరాల్ని తీసుకొచ్చేది. పిల్లకు పుట్టుకతోనే హెచ్ఐవి. దానివల్ల గుండె కండరం నీరసించింది. పిల్లని ముట్టుకోడానికి మా ఆయా చేతికి రెండేసి గ్లవుజులు తొడుక్కుంటే మామ్మ ఊరుకోలేదు.

"ఏటమ్మా, పిల్లని పట్టుకుంతావా, పీతల్ని పట్టుకుంతావా?"

డాక్టరుగారు తెర చూసి, "గుండె బలం యాభై అయిదు శాతమైనా ఉండాలి, నలభయ్యే ఉంది" అన్నారు.

మామ్మ వేలెత్తింది. "నలభై, ఒకటోపాలి... నలభై, రెండోపాలి..." అని గట్టిగా అరిచి, నోరు మూసేసింది.

"మూడోసారి అనవేం?" అన్నారాయన, నవ్వాపుకుంటూ.

"మూడోపాలంటే సరుకు ఆ రేటుకే పోద్ది బాబూ. నా పిల్లని నలభైకి ఇచ్చీమంటారేటి?"

వచ్చినప్పుడల్లా ఇదే వరస. మందులు మాత్రం ఒక్క పూట తప్పనివ్వలేదు. ఏడాది తర్వాత తెరమీద నలభై ఎనిమిది కనిపించింది. ఈసారి బల్లమీంచి పిల్లే వేలెత్తింది.

"ఒకటోపాలి, రెండోపాలి, మూడో..."

మామ్మ ఒక్క ఉదుటున దాని నోరు మూసేసింది. "పాట ఇంకా అవ్వనేదు బాబూ" అంది డాక్టరుగారితో.